రాజ్యము కూలిన పిదప



ఒక దేశమున నియంత పడిపోయెనని వినినప్పుడు మన మనస్సు మొదట సంతోషించును. ఏండ్ల తరబడి చెఱసాలలలో మ్రగ్గినవారు వెలుపలికి వచ్చెదరు. నోరు మెదపుటకు వెఱచినవారు వీథులలో నిలిచి పాడెదరు. ఆ సంతోషము న్యాయమైనదే. కాని ఇల్లలుకగానే పండుగ కాదని మన పెద్దలు చెప్పుదురు. పాత ప్రభుత్వము పోయిన మఱునాడు ఆ దేశపు ప్రజలకును, వారి పొరుగువారికిని, ఒక్కొక్కప్పుడు వేల మైళ్ల దూరమున నున్నవారికిని ఒక ప్రశ్న యెదురగును. ఈ కూలిన యింటినుండి మనకు రాగల యాపద యేది? అది యెంతటిది? ఎప్పుడు వచ్చును? ఏ త్రోవను వచ్చును?

ఈ ప్రశ్నకు తొందరపడి చెప్పు సమాధానములు రెండున్నవి. అక్కడివారందఱును ఉగ్రవాదులే యనునది మొదటిది. దుష్టుడు పోయెను గనుక ఇక మంచియే జరుగుననునది రెండవది. మొదటిది భయమునుండి పుట్టినది, రెండవది కోరికనుండి పుట్టినది. లెక్క వేసి చెప్పిన సమాధానము వేఱుగ నుండును. ఆ లెక్క యెట్లు వేయవలెనో తెలిసికొనుటకు నేనీ సాయంకాలము లిబియాదేశపు కథను గైకొనుచున్నాను. ఆ దేశమున పాత ప్రభుత్వము కూలినది 2011లో. నాటి యంచనాలలో ఏవి ఫలించెనో, ఏవి తప్పెనో చూచుటకు చాలినంత కాలము గడచినది. ఆ కథలో మన తెలుగువారికిని ఒక బాధాకరమైన భాగము గలదు.

ఇట్టి యాపద మన నేలకు క్రొత్తది కాదు. 1816 మార్చి నెలలో గుంటూరు, పలనాటి గ్రామములపై పిండారీల దండు పడినది. పిండారీలు మరాఠా సేనల వెంట నడచుచు, జీతమునకు బదులు దోపిడిపై బ్రతికిన గుఱ్ఱపు రౌతులు. 1803 మొదలు 1805 వఱకు జరిగిన యుద్ధములో సింధియా, హోల్కారుల బలము విఱిగిన పిమ్మట వారిని అదుపులో నుంచగల ప్రభువు లేకపోయెను. పని పోయిన సైనికులును వారిలో చేరిరి. నర్మదా తీరమున పుట్టిన యీ యాపద కృష్ణా తీరమునకు వచ్చి, పండ్రెండు దినములలోపల 339 గ్రామములను దోచినది. 182 మంది చంపబడిరి. 505 మంది గాయపడిరి. 3,603 మంది చిత్రహింసలకు గుఱియైరి. ఈ లెక్క కుంపిణీవారు విచారణ జరిపి వ్రాసికొన్నది. పలనాటి రైతునకు సింధియా యెవరో తెలియదు. ఆతని రాజ్యము విఱిగిన వార్తయు వాని చెవిని బడియుండదు. ఆ విఱుగుడునకు వెల చెల్లించినవాడు మాత్రము ఆ రైతే.

కావున దూరదేశమున రాజ్యము కూలిన వార్త మనకెందుకని తలపరాదు. అయితే ఆ వార్తను చదువుటెట్లు? ఇందులకు మన ప్రాచీనులే యొక కొలబద్ద నిచ్చియున్నారు. కౌటిల్యుడు అర్థశాస్త్రమునందు రాజ్యమునకు ఏడంగములు చెప్పెను. అవి స్వామి, అమాత్యుడు, జనపదము, దుర్గము, కోశము, దండము, మిత్రుడు. నేను పాఠశాలలో చరిత్ర బోధించిన దినములలో విద్యార్థులు 1565 యుద్ధమును గూర్చి వ్రాయుచు, అళియ రామరాయలు పడెను, విజయనగరము అంతరించెను అని ఒక్క వాక్యముతో ముగించెడివారు. ఆ వాక్యము ప్రక్కను ఎఱ్ఱసిరాతో, మఱునాడు పన్ను వసూలు చేసినదెవరు అని నేను వ్రాసెడివాడను. తిరుమలరాయలు కోశమును, పరివారమును గొని పెనుగొండకు పోయెను. రాజ్యము కృశించియైనను మఱికొన్ని తరములు నిలిచెను. రాజు పడుట వేఱు, రాజ్యము పడుట వేఱు. స్వామితో పాటు తక్కిన యంగములు ఎన్ని పడినవి, పడిన యంగము ఎవరి చేతికి చిక్కినది అనునదే మనము విచారింపవలసిన లెక్క.

ఈ కొలబద్దను లిబియాకు పట్టించి చూతము. వైశాల్యమున అది మన భారతదేశములో సగమునకు మించినది; 17 లక్షల 60 వేల చదరపు కిలోమీటర్లు. అందు చాలభాగము ఎడారి. 2011 నాటికి జనసంఖ్య 60 లక్షలకు కొంచెము పైన. ఆఫ్రికా ఖండమున నేల చమురు నిల్వలు అందఱికంటె ఎక్కువగ గల దేశమది. 1969 సెప్టెంబరు 1న ఇద్రిస్ రాజును తొలగించి ముఅమ్మర్ గడాఫీ అధికారము గైకొనెను. అప్పటికి ఆతని వయస్సు 27 ఏండ్లు. ఆతడు 42 ఏండ్లు ఏలెను. రాజకీయ పక్షములను నిషేధించెను. 1977లో ప్రజలే యేలు రాజ్యమని దేశమునకు పేరు పెట్టి, అధికారమంతయు తనయొద్దనే యుంచుకొనెను. సైన్యము తనపై తిరుగబడునేమోయను శంకతో దానిని బలహీనముగ నుంచి, గట్టి దళములను కొడుకులకును నమ్మినవారికిని ఒప్పగించెను. ఇట్లు స్వామి తక్కిన యంగములనన్నిటిని మ్రింగివైచెను. అట్టి స్వామి పడినప్పుడు ఆతని వెనుక నిలువగల యంగమేది?

ఇక్కడ ఒక విచిత్రమును గమనింపవలెను. గడాఫీ తానే ఉగ్రవాదమును పోషించినవాడు. 1988 డిసెంబరు 21న స్కాట్లండు దేశమున లాకర్బీ పట్టణముపై అమెరికా విమానము ప్రేలి 270 మంది మరణించిరి. 1989 సెప్టెంబరు 19న ఫ్రెంచి విమానమొకటి నైజరు ఎడారిపై ప్రేలి 170 మంది మరణించిరి. రెండింటను లిబియా ప్రభుత్వపు మనుష్యులకు శిక్షలు పడినవి. అట్టివాడు పోయినచో ఉగ్రవాదము తగ్గవలెను గదా యని మనకు తోచును. కాని రాజ్యము చేయు ఉగ్రవాదమునకు ఒక చిరునామా యుండును. ఐక్యరాజ్యసమితి 1992లో ఆంక్షలు విధింపగా, 1999లో ఆతడు లాకర్బీ నిందితులను విచారణకు అప్పగించెను. 2003లో సామూహిక సంహారాయుధముల ప్రయత్నమును విడిచెను. వానిని భయపెట్టవచ్చును, వానితో బేరమాడవచ్చును. ఏలయన పోగొట్టుకొనుటకు వానికొక రాజ్యమున్నది. రాజ్యము ముక్కలైన పిమ్మట ఆ ముక్కలతో బేరమాడుటకు ఎవరి తలుపు తట్టవలెను?

2011 ఫిబ్రవరి నడుమ బెన్ఘాజి నగరమున తిరుగుబాటు పుట్టెను. 1996లో ట్రిపోలిలోని అబూ సలీం చెఱసాలయందు వెయ్యిమందికి మించిన ఖైదీలు కాల్చి చంపబడిరి. ఆ కుటుంబముల పక్షమున వాదించుచున్న న్యాయవాదిని నిర్బంధించుటతో బెన్ఘాజిలో నిప్పంటుకొన్నది. మార్చి 17న భద్రతాసమితి బలప్రయోగమునకు అనుమతినిచ్చు తీర్మానమును చేసినప్పుడు మన దేశము, చైనా, రష్యా, జర్మనీ, బ్రెజిలు వోటు వేయక తటస్థముగ నుండెను. ఆ దినములలోనే మన ప్రభుత్వము 15 వేలకు పైబడిన భారతీయులను ఓడలపైనను విమానములపైనను స్వదేశమునకు చేర్చెను. మార్చి 19న విమానదాడులారంభమైనవి. ఆగస్టులో ట్రిపోలి పడెను. అక్టోబరు 20న గడాఫీ తన స్వస్థలమైన సిర్తెయందు చంపబడెను. ఆ నెల కడపటి దినమున నాటో కూటమి తన పని ముగిసెనని ప్రకటించెను. మన పండితుల భాషలో చెప్పవలెనన్న, స్వామి పడగానే యజ్ఞము పూర్తియైనదని ఋత్విక్కులు లేచిపోయిరి. హోమగుండమున నిప్పు ఆరలేదు.

అప్పటి యంచనాలలో అందఱి నోటను వినబడినది ఆయుధముల మాట. భుజముపై నుంచి విమానములను కూల్చగల చిన్న క్షిపణులను గడాఫీ సుమారు 20 వేలు సంపాదించెనని అమెరికా అధికారులు లెక్కగట్టిరి. 2002లో కెన్యాదేశపు మొంబాసా వద్ద ఒక ప్రయాణికుల విమానముపై అట్టి క్షిపణులు ప్రయోగింపబడి గుఱి తప్పినవి. ఆ భయముతో నిపుణులను పంపి, వేలకొలది క్షిపణులను వెదకి నాశనము చేసిరి. తక్కినవానిలో కొన్ని ఎల్లలు దాటినవి. ఐనను ఎల్లరును భయపడినట్లు ప్రపంచమున ప్రయాణికుల విమానములు వరుసగ కూలలేదు. భయము నిరాధారమైనదని దీని యర్థము కాదు; చూచి జాగ్రత్తపడిన యాపద తగ్గినది. చూడని యాపద మఱియొక త్రోవను వచ్చినది.

చెఱువు గట్టు తెగినప్పుడు నీరు మనము వెఱచిన దిక్కునకు పోదు. పల్లమున్న దిక్కునకు పోవును. లిబియాకు దక్షిణ పశ్చిమమున ఆ పల్లము మాలిదేశము. ఎడారి సంచారులైన తువారెగ్గు జాతివారు ఏండ్లనుండి గడాఫీ కొలువులో సైనికులుగ నుండిరి. ప్రభువు పడగానే వారు తమ తుపాకులను, వాహనములను గొని స్వదేశమునకు మరలిరి. 2012 జనవరిలో వారు మాలి ప్రభుత్వముపై తిరుగబడిరి. మార్చిలో ఆ దేశపు సైన్యమే తన యధ్యక్షుని పడద్రోసెను. ఏప్రిలు మొదటనే టింబక్టు నగరము పోయెను. స్వాతంత్ర్యము కోరి పోరాడిన తువారెగ్గుల చేతినుండి కొలది నెలలలోనే అల్ ఖాయిదా పక్షపువారును వారి మిత్రులును అధికారమును లాగికొనిరి. ట్రిపోలి రెండువేల కిలోమీటర్లకు మించిన దూరమున నున్నది. అయినను కూలినది ట్రిపోలి, కాలినది టింబక్టు.

గ్రంథములతో బ్రతికినవాడను గనుక టింబక్టును గూర్చి ఒక్క మాట చెప్పక పోలేను. అది శతాబ్దములుగ వ్రాతప్రతులకు పుట్టినిల్లు. తాళపత్రముల కట్టలు మనకెట్టివో, ఆ తోలు అట్టల పొత్తములు వారికట్టివి. 2012 వేసవిలో ఆక్రమణదారులు ఆ నగరపు సాధువుల సమాధులను గునపములతో పగులగొట్టిరి. గ్రంథపాలకులు ప్రతులను పెట్టెలలో దాచి, బండ్లపైనను పడవలపైనను రహస్యముగ రాజధానియగు బమాకోకు చేర్చిరి. 2013 జనవరిలో ఫ్రెంచి సేన వచ్చుటకు ముందు కొన్నివేల ప్రతులు తగులబడినవి; అంతకు ఎన్నో రెట్లు ఆ గ్రంథపాలకుల ధైర్యమువలన బ్రతికినవి. ఆ సమాధులను పగులగొట్టించిన ఒకనికి అంతర్జాతీయ నేరన్యాయస్థానము 2016లో తొమ్మిదేండ్ల చెఱ విధించెను.

ఆయుధములను, వానిని మోసికొని పోయినవారిని చూచితిమి. ఇక లిబియాలోనే మిగిలినవారి మాట. దండమను అంగము చెదరినప్పుడు దానిని మరల కట్టుటెట్లు? ఇరాకుదేశము 2003లో ఒక త్రోవ త్రొక్కినది. అచ్చటి యమెరికా పాలనాధికారి ఆ సంవత్సరము మే 23న సైన్యమునంతటిని రద్దుచేసెను. లక్షలకొలది సైనికులు ఒక్కదినమున జీతమును, గౌరవమును కోలుపోయిరి. తుపాకిని మాత్రము కోలుపోలేదు. ఆ సేనలోని కొందఱు అధికారులే తరువాతి కాలమున ఇస్లామిక్ స్టేట్ అను సంస్థకు సేనానులైరి. లిబియా దీనికి విరుద్ధమైన త్రోవ త్రొక్కినది. తుపాకి పట్టిన ప్రతి గుంపునకు కోశమునుండి జీతమిచ్చినది. దానితో యుద్ధమున పోరాడినవారికంటె ఎన్నో రెట్లు యోధులమని పేరు వ్రాయించుకొనిరి. జీతము ప్రభుత్వముది, విధేయత ముఠానాయకునిది. 2013 అక్టోబరులో ప్రధానమంత్రినే ఒక ముఠా తెల్లవారుజామున వసతిగృహమునుండి ఎత్తుకొనిపోయి, కొన్ని గంటల పిమ్మట విడిచినది. ఒకచోట జీతము మాన్పుటవలన, ఒకచోట అడిగినవారికెల్ల ఇచ్చుటవలన, రెండుచోట్లను దండము రాజ్యమును విడిచి వీథిని బడినది.

అమాత్యులను అంగమునకు పట్టిన గతియు నిట్టిదే. 2013 మే 5న, సాయుధులు మంత్రిత్వ శాఖల భవనములను ముట్టడించియుండగా, అక్కడి శాసనసభ ఒక చట్టము చేసెను. 1969 మొదలు గడాఫీ ప్రభుత్వమున ముఖ్యమైన పదవి వహించినవారెవరును ఇక ప్రజాసేవలో నుండరాదని దాని సారాంశము. ఆ సభాధ్యక్షుడు మహమ్మద్ మగారియెఫ్. ఆయన 1980 వఱకు మన దేశమున లిబియా రాయబారిగ నుండి, గడాఫీతో తెగతెంపులు చేసికొని, ముప్పదియేండ్లు పరదేశమున నుండి ఆతనికి విరోధముగ పనిచేసినవాడు. చట్టము ఆయనకును వర్తించినది. ఆయన పదవిని విడువవలసివచ్చెను. ఋణశేషమును, అగ్నిశేషమును, శత్రుశేషమును ఉంచరాదని పెద్దలు చెప్పిరి. నిజమే. కాని శత్రువెవరో తెలిసికొనకమునుపు శేషమును తుడిచివేయబూనినచో, లెక్కలు తెలిసిన గుమాస్తా, ఆయుధాగారపు తాళములు తెలిసిన యధికారి, దారులు తెలిసిన యెల్లకాపరి అందఱును శత్రువులగుదురు. వారు పోయిన పిమ్మట ఉగ్రవాదిని పట్టువారెవరు?

ఆపద యెవరినుండి వచ్చునో తెలిసికొనుటకు కౌటిల్యుడు మఱియొక ఉపాయము చెప్పెను. పరుల ప్రేరణకు లోబడువారు నాలుగు వర్గములని ఆయన మతము: కోపించినవారు, లోభులు, భయపడినవారు, మానధనులు. లిబియాలో ఈ నలువురును గలరు. బంధువులను చెఱసాలలలో కోలుపోయి క్రోధముతో నుండినవారు తూర్పు నగరములలో కలరు. ఎల్లల వెంబడి దొంగరవాణాచే ధనము గడించు లోభులు కలరు. కొత్త చట్టమునకు భయపడినవారు కలరు. నిన్నటి వఱకు పాలకుని యూరివారమని తల యెత్తి తిరిగి, నేడు పరాజితులుగ చూడబడుచున్న సిర్తెవాసులు మానధనులు. అయితే ఒక హెచ్చరిక. కష్టపడినవాడెల్ల ఉగ్రవాది కాడు. తవర్గా పట్టణపు జనులు సుమారు 40 వేలమంది 2011లో ఇండ్లనుండి వెడలగొట్టబడి ఏండ్లకొలది గుడారములలో బాధపడిరి. వారి కష్టము పరదేశములపై బాంబుగ మాఱలేదు. వంటచెఱకు ఉన్నంత మాత్రమున మంట పుట్టదు. నిప్పు తెచ్చువాడొకడుండవలెను.

ఆ నిప్పు ఎచ్చటనున్నదో ముందే తెలిసికొనుటకు ఆధారములు లేకపోలేదు. 2007లో ఇరాకులోని సింజారు వద్ద అమెరికా సేనకు అల్ ఖాయిదావారి పట్టీలు చిక్కినవి. పోరాడుటకు పరదేశములనుండి వచ్చిన సుమారు 600 మంది వివరములందున్నవి. అందు లిబియావారు సంఖ్యయందు రెండవ స్థానమున నుండిరి. స్వస్థలము చెప్పినవారిలో 52 మంది డెర్నా అను ఒక్క చిన్న పట్టణమువారు. మఱి యే దేశపు ఏ పట్టణమునుండియు అంతమంది రాలేదు. 2011లో ఆ కాగితము ఎవరైనను తెఱచి చూచియుండిన, పాత ప్రభుత్వము పడిన పిమ్మట కన్ను వేయవలసిన యూరు పేరు దానియందే యుండెను. 2014లో ఇస్లామిక్ స్టేట్ లిబియాలో మొట్టమొదట పాదము మోపినది డెర్నాలోనే. 2012 సెప్టెంబరు 11న బెన్ఘాజిలో అమెరికా రాయబారి క్రిస్టఫర్ స్టీవెన్సును, మఱి ముగ్గురిని సాయుధులు చంపినప్పుడే తూర్పుతీరమున ఏమి పెరుగుచున్నదో తెలియవలసియుండెను.

2014 వేసవినాటికి లిబియాలో రెండు ప్రభుత్వములు వెలసినవి. ఒకటి ట్రిపోలిలో, ఒకటి తూర్పున తోబ్రుక్కులో. వారిద్దఱు ఒకరితో నొకరు పోరాడుచుండగా, నడుమనున్న సిర్తె ఎవరికిని పట్టకపోయెను. 2015లో ఇస్లామిక్ స్టేట్ ఆ నగరమును ఆక్రమించెను. ఆ ఫిబ్రవరిలోనే 21 మంది క్రైస్తవ కూలీలను, వారిలో 20 మంది ఈజిప్టువారు, సముద్రతీరమున తలలు నఱికి ఆ ఘోరమును చిత్రములు తీసి ప్రపంచమునకు చూపిరి. ఆ జులై చివర సిర్తె విశ్వవిద్యాలయమునకు చెందిన నలుగురు భారతీయ అధ్యాపకులు అపహరింపబడిరి. ఇద్దఱు రెండు మూడు దినములలో విడువబడిరి. తక్కిన యిద్దఱు మన తెలుగువారు. వారి విడుదల వార్త వచ్చినది 2016 సెప్టెంబరులో. పదునాలుగు నెలలపాటు రెండు తెలుగు కుటుంబములు ప్రతి ఉదయము ఏ వార్త వినవలసివచ్చునోయని మేల్కొనినవి. వారు చేసిన పని పిల్లలకు పాఠము చెప్పుట. సుద్దముక్క పట్టి బ్రతికిన నావంటివానికి ఈ యొక్క సంగతి చాలును, దూరదేశపు పతనము మన గడపవఱకు వచ్చునని తెలియుటకు. 1816లో పలనాటి రైతు ఇంట కూర్చుండియే ఆ పతనమునకు బలియయ్యెను. 2015లో మన వాడు పొట్టకూటికై అచ్చటికే పోయియుండెను.

పొరుగుదేశములకు తగిలిన దెబ్బ యింకను ఎక్కువ. 2015 మార్చి 18న ట్యునీసియా రాజధానిలోని బార్దో వస్తుప్రదర్శనశాలలో 20 మందికి పైగా, జూన్ 26న సూస్ సముద్రతీరమున 38 మంది తుపాకిగుండ్లకు బలియైరి. చంపినవారు లిబియాలో తరిఫీదు పొందినవారని ట్యునీసియా అధికారులు తేల్చిరి. 2017 మే 22న ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున సంగీతసభ ముగియువేళ బాంబు ప్రేల్చి 22 మందిని చంపినవాడు ఆ నగరమందే పుట్టిన లిబియా సంతతివాడు. కొలది దినములకు ముందే లిబియానుండి మరలి వచ్చెను.

ఇంత చెప్పి లిబియా ప్రజలను గూర్చి ఒక మాట చెప్పకున్న నా లెక్క అసత్యమగును. 2015 జూన్‌లో డెర్నానుండి ఇస్లామిక్ స్టేట్‌ను వెడలగొట్టినవారు ఆ యూరి సాయుధులే. ఆ ఆగస్టులో సిర్తెవాసులు కొందఱు దానిపై తిరుగబడి ప్రాణములర్పించిరి. 2016 మే మొదలు డిసెంబరు వఱకు సిర్తె వీథులలో ఇంటింట పోరాడి దానిని విడిపించినవారు ముఖ్యముగ మిస్రాతా నగరపు యువకులు. అమెరికా విమానములు వారికి తోడ్పడినవి. ఆ పోరున సుమారు 700 మంది లిబియావారు చనిపోయిరి. ఆపద పుట్టిన నేలనే దానిని చంపిన చేతులును పుట్టినవి. అందఱును ఉగ్రవాదులే యని మొదటనే తీర్పు చెప్పినవాడు ఈ చేతులను పోల్చుకొనలేడు; పోల్చుకొననివాడు వానికి సాయము చేయలేడు.

ఇక ఈ చరిత్రనుండి మనము గైకొనవలసిన లెక్కను క్రోడీకరింతును. మొదటిది, స్వామి పడెనా యని కాక, అమాత్యులు, దండము, కోశము నిలిచెనా యని అడుగవలెను. రెండవది, ఆయుధములతో పాటు వానిని మోయు మనుష్యులు ఏ జాతివారో, వారి యిల్లెచ్చటనో అడుగవలెను. వారు ఇంటికే పోవుదురు. మూడవది, ఎల్లలకావల పల్లమేదో, అనగా బలహీనమైన పొరుగెవరో చూడవలెను. నాలుగవది, వెనుకటి పట్టీలను తెఱచి, నిప్పు ముందే రాజుకొన్న యూరేదో చూడవలెను. ఐదవది, ఓడినవారిలో ఎవరికి జీవనమును, గౌరవమును మిగిల్చిరో అడుగవలెను. పిండారీల విషయమున సయితము 1817, 1818 సంవత్సరముల యుద్ధము ఒక్కటే పని ముగింపలేదు. లొంగివచ్చిన కరీంఖాను వంటి నాయకులకు భూములిచ్చి కాపురముండనిచ్చిరి.

ఆఱవది కాలము. దీనిని అందఱును మఱచుదురు. గడాఫీ పడినది 2011లో. మాలి రగిలినది 2012లో. సిర్తె పోయినది 2015లో. మాంచెస్టరు దుర్ఘటన 2017లో. ఇరాకులో సైన్యమును రద్దుచేసినది 2003లో. మోసుల్ నగరము ఇస్లామిక్ స్టేట్ చేత జిక్కినది 2014లో. విత్తనము వేసిన నెలలోనే చెట్టు కానరాలేదని విత్తనమే లేదనుట తెలివి కాదు. లిబియా పతనానంతర కార్యమునకు తగిన సన్నాహము చేయకపోవుట తన పాలనలో మిక్కిలి పెద్ద పొరపాటని అమెరికా యధ్యక్షుడుగ నుండిన బరాక్ ఒబామా 2016లో ఒప్పుకొనెను. అదే సంవత్సరము బ్రిటిషు పార్లమెంటు విచారణసంఘము, తిరుగుబాటుదారులలో తీవ్రవాదులున్నారను విషయమును తమ ప్రభుత్వము గుర్తింపలేదని వ్రాసినది. ఈ మాటలు 2011లో పలికియుండిన ఎంత బాగుండెడిది!

2024 డిసెంబరు 8న సిరియాలో అస్సదు కుటుంబపు ఏబదియేండ్లకు మించిన పాలన కూలినది. ఆ దినమున వీథులలో నాట్యమాడినవారిని చూచి నేనును సంతోషించితిని. మఱుక్షణము పై ప్రశ్నలే నా మదిలో మెదలినవి. పాత సైన్యపు మనుష్యులేమైరి? రసాయనాయుధముల శేషమెచ్చట? పరదేశములనుండి వచ్చిన యోధులకు ఏ దారి చూపుదురు? ఈశాన్యమున చెఱలలోను శిబిరములలోను ఆనాటికి వేలకొలదిగ నున్న ఇస్లామిక్ స్టేట్ వారికిని, వారి భార్యాబిడ్డలకును కావలి యెవరు? ఈ ప్రశ్నలు మొదటి సంవత్సరముతో ముగియవు. పది సంవత్సరములు అడుగుచునే యుండవలెను. అడుగువారు అలసి మానినప్పుడే ఆపద పెరుగును.

పరదేశములలో పని చేయుటకు పోవు మన బిడ్డలు నేడు లక్షలున్నారు. వారు పోవు దేశమున జీతమెంతయని మనము అడుగుచున్నాము. ఆ దేశపు ఏడంగములు ఎట్లున్నవని కూడ అడుగుట నేర్చికొందుము గాక.